బొగ్గు తీసిన నేల బాగుపడిందా? బాండు సొమ్ము తిరిగిచ్చేముందు చేసే తనిఖీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇంటిపట్టున ఉంటున్నానన్న మాటే గానీ నాకు వచ్చే ఫోన్లలో సగం గనుల గురించే. పాతికేళ్లు గనుల సర్వే పనిలో తిరిగిన పాపం అది. యూనివర్సిటీలో జియాలజీ చదివే పిల్లలు అడుగుతారు. అమెరికాలో గనుల పర్యావరణ ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు అక్కడ తెల్లవారుజామున, ఇక్కడ సాయంత్రం ఫోన్ చేసి అడుగుతారు. కుప్పం, పలమనేరు వైపు క్వారీ పక్కన చేను ఉన్న రైతులూ అడుగుతారు. చెప్పిందే చెప్పి గొంతు ఎండబెట్టుకోవడం కంటే ఒకచోట రాసి పెడదామనిపించింది. జవాబులన్నీ ఒకే పొడవున ఉండవు. జనం ఎక్కడ ఎక్కువ బోల్తా పడతారో అక్కడ ఎక్కువ రాశాను.

మన జిల్లాల్లో బొగ్గే లేదు కదా, ఈ గొడవ మనకెందుకు?

లేదు, నిజమే. తిరుమల ఘాట్ రోడ్డులో జియాలజీ వాళ్లు బోర్డు పెట్టి చూపించే, చాలా పాత రాళ్ల మీద ఎంతో తర్వాతి రాళ్లు కూర్చున్న హద్దు, ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ దగ్గర ఆగి చూడండి. అక్కడి రాళ్లు బొగ్గు పుట్టడానికి వంద కోట్ల ఏళ్లకు పైగా ముందువి. తెలుగువాళ్ల బొగ్గంతా గోదావరి లోయలోని గోండ్వానా రాళ్లలో ఉంది. అయినా మన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లాలో సులియారి బొగ్గు గని ఉంది. మన పిల్లలు అమెరికాలో వెస్ట్ వర్జీనియా, కెంటకీల్లో ఇదే పని చేస్తున్నారు. తవ్వినవాడు నేలను తిరిగి సరిచేశాడా లేదా అని చూసే కన్ను బొగ్గుకైనా, రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయికైనా, మన చిత్తూరు గ్రానైటుకైనా ఒకటే. కాకపోతే డబ్బును అడ్డం పెట్టి విడతలవారీగా తనిఖీ చేయడమనే పద్ధతి బొగ్గులో బాగా నలిగింది. అందుకే బొగ్గుతో మొదలుపెట్టాను.

బాండు అంటే సులువుగా చెప్పండి.

ఇంటి అద్దెకు అడ్వాన్స్ కడతాం కదా, అలాంటిదే. ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన గోడలు చూసి, కుళాయి తిప్పి చూసి, అడ్వాన్స్ తిరిగిస్తాడు. తేడా ఒక్కటే. మనం గోడకు నాలుగు మేకులు కొడితే ఆయన సున్నం వేయించుకుంటాడు. గనివాడు ఇల్లు మొత్తం పునాదితో సహా పెకలిస్తాడు. అందుకే బాండు లెక్క వేరుగా ఉంటుంది: కంపెనీ పారిపోతే ప్రభుత్వం వేరే కాంట్రాక్టరును పెట్టి ఆ నేల సరిచేయించడానికి ఎంత అవుతుందో అంత.

అమెరికాలో బొగ్గు తవ్విన నేలను సరిచేయించే చట్టం మీద 1977 ఆగస్టు 3న అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. ముందు బాండు, తర్వాతే తవ్వకం. ఎంత చిన్న పర్మిట్ అయినా 10,000 డాలర్లకు తగ్గకూడదు. ష్యూరిటీ కంపెనీ హామీ ఇవ్వవచ్చు, ఆస్తి తాకట్టు పెట్టవచ్చు. పెద్ద కంపెనీలకైతే ‘సెల్ఫ్ బాండ్’ అని ఇంకొకటి ఉంది. నాకు నేనే జామీను అన్నమాట. మన ఊళ్లో ఈ మాట అంటే నవ్వుతారు గానీ అక్కడ చాలాకాలం నడిచింది. 2015, 2016 ప్రాంతంలో పెద్ద పెద్ద బొగ్గు కంపెనీలు వరసగా దివాలా పిటిషన్ వేశాయి. 2016 ఏప్రిల్‌లో పీబాడీ వేసినప్పుడు గానీ ఈ జామీనులో జామీనే లేదన్న సంగతి చాలామందికి ఎక్కలేదు.

సొమ్ము ఒకేసారి తిరిగిస్తారా?

ఇవ్వరు. అమెరికాలో మూడు విడతలు.

మొదటిది: గుంత పూడ్చి, నేలను దాదాపు పాత వాలుకు తెచ్చి, నీళ్లు పారే దారులు సరిచేశాక 60 శాతం వరకు వదలవచ్చు. రెండోది: పైమట్టి పరిచి, ఆమోదించిన ప్లాన్ ప్రకారం పచ్చదనం నిలదొక్కుకున్నాక కొంత. అయితే పచ్చదనం చచ్చిపోతే వేరేవాళ్లతో మళ్లీ పెంచడానికి సరిపడా సొమ్ము చేతిలో ఉంచుకునే వదలాలి. పర్మిట్ హద్దు దాటి వంకల్లోకి ఒండ్రు పోతూ ఉంటే ఈ విడత ఇవ్వనే కూడదు. అసలే మంచి సాగునేల అయితే పంట దిగుబడి పాత స్థాయికి వచ్చిందని కూడా చూపించాలి. మూడోది: బాధ్యత కాలం, అంటే పచ్చదనం నిలబెట్టే పూచీ కంపెనీ మీదే ఉండే ఏళ్లు, పూర్తయ్యాక మిగిలినదంతా.

ఆ బాధ్యత కాలం వానను బట్టి ఉంటుంది. ఏడాదికి 26 అంగుళాలకు మించి, అంటే సుమారు 660 మిల్లీమీటర్లకు మించి వాన పడే చోట 5 ఏళ్లు, అంతకు తక్కువైతే 10 ఏళ్లు. మన ఉమ్మడి చిత్తూరు సరాసరి 900 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ లెక్కన మనకు 5 ఏళ్లే పడుతుంది. నన్నడిగితే మన నేలకు అది చాలదు. 900 మిల్లీమీటర్లు ఏడాదంతా పడితే ఒక ఎత్తు, కార్తీక మాసంలో రెండు వాయుగుండాలు వచ్చి సగం కుమ్మరించి పోతే ఇంకో ఎత్తు.

దరఖాస్తు పెట్టాక ఎన్ని రోజుల్లో చూస్తారు? ఊరివాళ్లకు తెలుస్తుందా?

అమెరికాలో కంపెనీ స్థానిక పత్రికలో వారానికొకసారి చొప్పున వరసగా నాలుగు వారాలు ప్రకటన ఇవ్వాలి. చివరి ప్రకటన పడ్డాక 30 రోజుల దాకా ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, బహిరంగ విచారణ కూడా అడగవచ్చు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో అధికారులు వచ్చి నేల చూడాలి. వాతావరణం అనుకూలించకపోతే అది వేరే మాట. భూమి యజమానికి కబురు చేసి, వస్తే వెంటబెట్టుకుని తిరగాలి. ఆ ఊరి పాలక సంస్థకు 30 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేశాకే సొమ్ము వదలాలి.

నాకు నచ్చింది భూమి యజమానికి కబురు చేసే నియమం. నేల గురించి ఫైలుకు తెలియని విషయాలు ఆయనకు తెలుస్తాయి.

సైటుకు పోగానే మొదట ఎక్కడికి పోవాలి?

గెస్ట్ హౌస్‌లో కాఫీకి కాదు. నవ్వులాటకు చెప్పడం లేదు, సగం తనిఖీలు అక్కడే పాడవుతాయి.

అన్నిటికంటే పల్లంలో ఉన్న చోటికి పోండి. సైటు మీద పడిన నీళ్లన్నీ చివరికి ఎక్కడ బయటికి పోతాయో అక్కడ నిలబడండి. ఎగువన ఏం జరిగిందో వంక దాచిపెట్టదు. కంపెనీవాళ్లు మిమ్మల్ని జీపులో గుట్ట పైకి తీసుకుపోయి ‘చూడండి సార్, ఎంత పచ్చగా ఉందో’ అంటారు. పైనుంచి చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి.

వంకలో ముందు చూడాల్సింది కొత్తగా చేరిన ఒండ్రు. గడ్డి మొదళ్లు మట్టిలో పూడుకుపోయాయా, రాళ్ల ఎగువ వైపు సన్నటి ఇసక మేట వేసిందా చూడండి. తర్వాత నీళ్లు. వాన తెరిపిచ్చాక అర లీటరు సీసాలో ఆ నీళ్లు పట్టి, గంటసేపు కదిలించకుండా జీపు బానెట్ మీద పెట్టండి. అడుగున పేరుకున్న మన్ను ఎంతో కంటికే కనిపిస్తుంది. ల్యాబువాళ్లు ఇదే పనిని కిందికి కోసుగా ఉండే గాజు గరాటులో చేస్తారు. అమెరికాలో బొగ్గు తీసి సరిచేస్తున్న నేల నుంచి వచ్చే నీళ్లలో ఇలా అడుగున దిగే మన్ను లీటరుకు 0.5 మిల్లీలీటరు దాటకూడదు, పీహెచ్ 6కూ 9కీ మధ్య ఉండాలి. మీ సీసా పరీక్షకు చట్టంలో విలువ లేదు. ల్యాబుకు ఎక్కడి నీళ్లు పంపాలో మాత్రం అది చెబుతుంది.

ఇంకొక సంగతి. ఆ ఒండ్రు ఆపడానికి కట్టిన కుంటలను చివరి విత్తనం చల్లాక రెండేళ్లు నిండకుండా తీసేయకూడదు. ఎవరైనా తొందరపడి కుంట చదును చేసి ‘అదంతా అయిపోయింది సార్’ అంటే తేదీలు అడగండి.

నీళ్లు తేటగా ఉన్నాయి. ఇక భయం లేదుగా?

బొగ్గు నేలలో తేట నీళ్లను చూసే ఎక్కువ భయపడాలి. బొగ్గుతో పాటు ఉండే పైరైటు (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం) గాలికీ నీటికీ తగిలితే గంధకామ్లం పుడుతుంది. ఆ నీళ్లు అద్దంలా ఉండవచ్చు, అందులో పురుగూ పుట్రా ఏదీ ఉండదు. కాస్త దూరం పారి ఆమ్లం తగ్గాక ఇనుము బయటపడి, పసుపూ కావీ కలిపి పూసినట్టు రాళ్ల మీద పేరుకుంటుంది. ఆ రంగు కనిపిస్తే ఎగువకు నడుస్తూ పోయి ఊట ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. తనిఖీ చేసేవాళ్లు కాలుష్యం ఉందా లేదా అని మాత్రమే రాస్తే చాలదు. అది ఇకముందు కొనసాగే అవకాశం ఎంత, ఆపడానికి ఎంత ఖర్చవుతుంది అనేది కూడా తేల్చాలని అమెరికా చట్టంలోనే ఉంది.

నీళ్ల మీద నూనెలా మిలమిల మెరిసే పొర ఉంటే పుల్లతో కదపండి. గాజు పెంకుల్లా పగిలి అలాగే ఉంటే అది ఇనుము తినే బ్యాక్టీరియా పని. పగిలి మళ్లీ కలిసిపోతే డీజిలో ఆయిలో.

మన చిత్తూరు గ్రానైట్ వైపు ఈ ఆమ్లం గొడవ పెద్దగా ఉండదు. ఇక్కడ చూడాల్సింది తెల్లటి రాతిపొడి. అది చెరువు తూములో చేరితే సిమెంటులా పట్టేస్తుంది.

పచ్చగా ఉంటే సరిపోదా?

ఏ పచ్చదనం అన్నది ప్రశ్న. సర్కారు తుమ్మ కూడా పచ్చగానే ఉంటుంది. వయ్యారిభామ అయితే పూలు కూడా పూస్తుంది.

చెప్పుకోవాల్సిన విషయం ఇది. ఫోటోలో, డ్రోన్ బొమ్మలో, ఉపగ్రహ చిత్రంలో ఆకుపచ్చ రంగు ఒక్కటే. దగ్గరికి పోయి వంగి చూస్తే గానీ అది గరికా, పిచ్చిమొక్కా తెలియదు. ఆ నేలను ప్లాన్‌లో దేనికని ఆమోదించారో దానికి ఆ పచ్చదనం పనికొస్తుందా అని చూడాలి. మేపుకని చెప్పి ఆమోదం తీసుకుంటే పశువు నోరు పెట్టే గడ్డి ఉండాలి. అడవి అని చెబితే చెట్లుండాలి.

కొలత ఇలా చేస్తారు. యాభై మీటర్ల టేపు నేల మీద పరుస్తారు. అరమీటరుకొకసారి సన్నటి కడ్డీ నిలువుగా దించుతారు. కడ్డీ మొన దేనికి తగిలిందో రాస్తారు: గడ్డి, ఎండాకు, రాయి, బోడినేల. వంద చోట్ల దించితే వచ్చిన అంకెలే శాతం, గుణకారాలు అక్కర్లేదు. ఇలాంటి గీతలు సైటంతా కొన్ని వేయాలి. టేపు ఎక్కడ మొదలుపెట్టాలో ముందు రోజే మ్యాపు మీద చీటీలు తీసి తేల్చుకోండి. అక్కడికి పోయాక ‘ఇక్కడ వేద్దాం సార్’ అని చూపించే చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ చెయ్యి బోడినేల వైపు చూపించగా నేనెన్నడూ చూడలేదు.

అమెరికా నియమం ప్రకారం వచ్చిన అంకె ఆమోదించిన ప్రమాణంలో కనీసం 90 శాతం ఉండాలి. పక్కనున్న తవ్వని నేలలో 70 శాతం కప్పు ఉంటే ఇక్కడ 63 రావాలి. ఆ 63 కూడా అదృష్టం కొద్దీ వచ్చింది కాదని గణాంకాలతో చూపించాలి. చెట్లకైతే ఇంకో మెలిక ఉంది: లెక్కలోకి తీసుకునే మొక్కల్లో 80 శాతం కనీసం బాధ్యత కాలంలో 60 శాతం రోజులు అక్కడే ఉండి ఉండాలి. అంటే 5 ఏళ్ల నేలలో మూడేళ్లు. తనిఖీకి ముందు నెలలో లారీలో తెచ్చి నాటిన మొక్కలకు ఇది మందు.

ఎండాకాలంలో ట్యాంకర్‌తో నీళ్లు పోసి మొక్కల్ని కాపాడితే తప్పా?

తప్పు కాదు, పుణ్యమే. అయితే బాధ్యత కాలం గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. విత్తనం, ఎరువు, నీటి తడి లాంటి అదనపు సాయం ఆగిన ఏడాది చివరి నుంచే ఆ 5 ఏళ్లు లెక్కకు వస్తాయి. మామూలు సాగులో అందరూ చేసే పనులకు కొంత వెసులుబాటు ఉంది. మొక్క దాని కాళ్ల మీద అది నిలబడిందా అని చూడటమే ఇక్కడ పరీక్ష. కాబట్టి తనిఖీకి పోయినప్పుడు డ్రిప్ పైపుల కోసం, ట్యాంకర్ చక్రాల జాడల కోసం కూడా చూడండి.

నేల గట్టిదనం గురించి ఎందుకు అంత పట్టుపడతారు?

ఎందుకంటే నేనే ఒకసారి బోర్లా పడ్డాను కాబట్టి.

చిత్తూరుకు అవతల ఒక క్వారీ. పేరు వద్దు. పూడ్చిన జాగాలో కానుగ మొక్కలు పెట్టారు, ఓసారి చూసి చెప్పమన్నారు. నేను పోయింది జనవరిలో. ఈశాన్య వానలు బాగా పడ్డ ఏడు. మోకాలెత్తు మొక్కలు, తళతళలాడే ఆకులు. నేల బల్లపరుపుగా, బ్యాడ్మింటన్ ఆడుకునేలా ఉంది. బాగుందని చెప్పి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. మే నెలలో వేరే పనిమీద అదే దారిన పోతుంటే చూశాను, సగానికి పైగా ఎండిపోయాయి. బండి ఆపి ఒకదాన్ని పీకాను. ఏ కష్టమూ లేకుండా చేతికొచ్చింది. వేర్లు కిందికి పోనే లేదు. నర్సరీ కవరు ఎంత వెడల్పో అంతలోనే చుట్టలు తిరిగి అచ్చం చుట్టకుదురులా ఉన్నాయి. గడ్డపార వేస్తే అడుగు లోతున టంగుమంది. రాయి కాదు, మట్టే. టిప్పర్లు తిరిగి తిరిగి, ఇటాచి దిమ్మిసలా తొక్కి, మట్టిని రోడ్డు చేసి పెట్టాయి. జనవరిలో నేను గడ్డపార తీసి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసేది.

నా తప్పు చిన్నది. ఇదే తప్పు అమెరికాలో అపలాచియన్ కొండల్లో దాదాపు పాతికేళ్లు పెద్ద ఎత్తున జరిగింది. 1977 చట్టం వచ్చాక కొండచరియలు జారతాయన్న భయంతో పూడ్చిన నేలను బుల్డోజర్లతో తొక్కించి నునుపు చేశారు. పైన వేగంగా పెరిగే గడ్డి విత్తనం చల్లారు. కోత ఆగింది, చూడటానికి పచ్చగా వచ్చింది. కానీ గట్టినేలలోకి వేరు దిగక, గడ్డి పోటీకి తట్టుకోలేక చెట్లు రాలేదు. చట్టం వచ్చింది అడవిని తిరిగి తేవడానికి, మిగిలింది గడ్డి మైదానం. 2004లో రాష్ట్రాలు, ఫెడరల్ గనుల కార్యాలయం కలిసి వేరే పద్ధతి మొదలుపెట్టాయి: కనీసం 4 అడుగుల లోతు వేరుకు అనువైన మట్టి, దాన్ని వదులుగా పరచడం, చెట్టును మింగని రకం గడ్డి, త్వరగా వచ్చే చెట్లూ విలువైన కలప చెట్లూ కలిపి నాటడం, నాటడంలో జాగ్రత్త. ఆ నేలలు చూడటానికి దున్ని వదిలేసిన చేనులా గతుకుగతుకుగా ఉంటాయి. మా మేనల్లుడు వెస్ట్ వర్జీనియాలో ఒక కన్సల్టెన్సీలో ఉన్నాడు. మొదటిసారి అలాంటి సైటు ఫోటో పంపి ‘మామా, వీళ్లు పని ఎగ్గొట్టారా?’ అని అడిగాడు. లేదు నాయనా, పని తెలిసినవాళ్లు అన్నాను.

పరీక్ష చాలా సులువు. వాన పడి రెండు రోజులు ఆరాక, చూపుడు వేలి లావు ఇనుప కడ్డీని చేతి బలంతో గుచ్చండి. ఎక్కడ ఆగిందో కొలవండి. సైటులో పది చోట్ల, పక్కనున్న తవ్వని నేలలో నాలుగు చోట్ల. తేడా ఎక్కువగా ఉన్నచోట గడ్డపారతో గుంత తీసి వేర్లు చూడండి.

వాలు ఎంత ఉండాలి?

అమెరికాలో నిలువు గోడలు మిగలకుండా పూడ్చి, దాదాపు పాత వాలు తేవాలి. మన దేశంలో గని తవ్వేటప్పుడు పైనుంచి తీసి పోసిన మట్టీ రాళ్ల దిబ్బలకు పర్యావరణ అనుమతుల్లో మామూలుగా రాసేది మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదని. అలా పోసి వదిలేసిన దిబ్బ సుమారు 37 డిగ్రీల దగ్గర నిలబడుతుంది కాబట్టి 28కి తేవాలంటే డోజర్ పని గట్టిగానే ఉంటుంది. ఖర్చు తప్పించుకునేది ఇక్కడే. కొలిచేటప్పుడు ఒక్క మెట్టును కాకుండా పాదం నుంచి తల దాకా కొలవండి. దిబ్బ తలమీద వంకర పగుళ్లు, పాదం దగ్గర ఉబ్బు ఉంటే కొలత ఎంత వచ్చినా రిపోర్టులో మొదటి వాక్యం అదే కావాలి.

గుంతను అలాగే చెరువులా ఉంచమని రైతే అడుగుతున్నాడు. ఒప్పుకోవచ్చా?

ముందే అనుమతి ఉండి, గట్లు నిలిచేలా, మనిషీ పశువూ దిగి ఎక్కేలా వాలు ఉండి, నీళ్లు బాగుంటే ఒప్పుకోవచ్చు. నిలువు గోడల మధ్య నిలిచిన నీళ్లు చెరువు కాదు. వేసవి సెలవుల్లో ఈతకు పోయిన పిల్లల వార్తలు పేపర్లో మీరూ చదువుతూనే ఉన్నారు.

మన దేశంలో బొగ్గు గనులకు ఇలాంటి బాండు ఉందా?

ఉంది, కానీ రూపం వేరు. మన దగ్గర ఎస్క్రో ఖాతా, అంటే షరతు తీరితే గానీ సొమ్ము తీయడానికి వీల్లేని బ్యాంకు ఖాతా. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చి 2013 జనవరిలో సవరించింది. అప్పటి లెక్క ప్రకారం ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తెరిచి తవ్వే) గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష ఉండేది. ఇవి 2009 ఆగస్టు నాటి ధరలు. టోకు ధరల సూచీని బట్టి పెంచుకుంటూ పోవాలన్నారు. 200 హెక్టార్ల ఓపెన్‌కాస్ట్ అనుకుంటే ఆ ధరల్లో 12 కోట్లు. ఎకరాల్లో చెప్పాలంటే ఎకరాకు రెండున్నర లక్షలకు కాస్త తక్కువ.

అసలు తేడా చెబుతాను. అక్కడ తవ్వకానికి ముందే మొత్తం హామీ ఉండాలి. ఇక్కడ గని బతికినన్నాళ్లూ ఏటా కొంత బ్యాంకులో జమ చేస్తూ పోతారు. 2013 మార్గదర్శకాల ప్రకారం అయిదేళ్లకొకసారి బొగ్గు కంట్రోలర్ (బొగ్గు మంత్రిత్వ శాఖ అధికారి) తరఫున పని చూసి, ఖర్చుపెట్టినంత గానీ జమలో 80 శాతం గానీ ఏది తక్కువైతే అంత తిరిగిచ్చేవారు. మిగిలింది చివరి మూసివేత అయ్యాకే. దీన్ని బట్టి చూస్తే అయిదేళ్ల తనిఖీలో బిల్లులు ఎక్కువ మాట్లాడతాయి, నేల తక్కువ మాట్లాడుతుంది. లక్ష మొక్కలు కొన్న రసీదు ఉంటుంది. అందులో ఎన్ని బతికాయన్నది రసీదులో ఉండదు. తనిఖీకి పోయేవాళ్లు రసీదును పక్కన పెట్టి టేపూ కడ్డీ పట్టుకోవాలనేది నా పట్టుదల.

మా చేను పక్కన గ్రానైట్ క్వారీ మూతపడింది. నేనేం చేయగలను?

రెండు కాగితాలు గుర్తుంచుకోండి. ఒకటి, 2020 జనవరి 8న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. తవ్వకం ముగిశాక లీజుదారు గని ప్రాంతాన్నీ దానివల్ల చెడిన ఇతర నేలనూ తిరిగి గడ్డి మొలిచేలా, మేతకూ మొక్కలకూ జీవాలకూ అనువుగా చేయాలనే షరతు పెట్టమని అందులో ఉంది. రెండోది, ఆ క్వారీ పర్యావరణ అనుమతి పత్రం. దాని షరతులు ఎలా పాటిస్తున్నారో లీజుదారు ఆరు నెలలకొకసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ నివేదిక ఇవ్వాలి. అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటులో దొరుకుతాయి, దొరకనివి సమాచార హక్కు కింద అడగవచ్చు.

అర్జీలో ‘మా ఊరు నాశనమైపోతోంది’ అని రాయకండి. ఎవరూ చదవరు. షరతు నంబరు రాసి, ‘ఈ షరతు ప్రకారం ఉండాల్సిన కాలవ లేదు, ఫలానా తేదీ వానకు మా చేనులోకి ఇంత దూరం రాతిపొడి వచ్చింది’ అని రాసి, చెప్పో పారో పక్కన పెట్టి తీసిన ఫోటో జతచేయండి. కొలతకు ఏదో ఒకటి ఫోటోలో ఉండాలి.

తనిఖీకి ఏ నెల మంచిది?

కంపెనీవాళ్లకు డిసెంబరు, జనవరి మంచిది. మీకు రెండు సార్లు కావాలి: ఈశాన్య వానల మధ్యలో ఒకసారి, ఏప్రిల్ చివర ఒకసారి. మొదటిది నీళ్ల కోసం, రెండోది వేర్ల కోసం. ఒక్కసారే పోగలిగితే పెద్ద వాన మర్నాడు పోండి. 2021 నవంబరు గుర్తుంది కదా. రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లవాళ్లంతా బయటికి వచ్చిన ఆ వారంలో, బాగున్నాయనుకున్న గట్లు ఎన్ని చీలాయో చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

డ్రోన్ ఉంటే నడవడం ఎందుకు?

వాలు, గుంత లోతు, దిబ్బ పరిమాణం డ్రోన్‌తో బాగా వస్తాయి. నేనూ వాడతాను. మట్టి వాసన మాత్రం రాదు.

సంతకం పెట్టాక తప్పు బయటపడితే సొమ్ము వెనక్కి తెప్పించవచ్చా?

మూడో విడత కూడా వదిలేశాక ఆ నేల మీద గనుల అధికారుల పట్టు దాదాపు పోయినట్టే. మోసం, కుమ్మక్కు, ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి విడుదల చేయించుకున్నారని తేలితేనే అమెరికాలో మళ్లీ అధికారం చేతికి వస్తుంది. ఇన్‌స్పెక్టర్ సరిగా చూడలేదు అన్నది ఆ జాబితాలో లేదు.

ఏం పట్టుకుపోవాలి?

ఆమోదించిన ప్లాను, మ్యాపు. యాభై మీటర్ల టేపు, ఇనుప కడ్డీ, గడ్డపార, నాలుగు ఖాళీ సీసాలు, పీహెచ్ కాగితాలు, వాలు కొలిచే క్లినోమీటర్. ఫోన్ ఛార్జింగ్ నిండుగా. మీ నీళ్లు మీరే, మీ సద్ది మీరే తెచ్చుకోండి.

ఊళ్లో ఎవరిని అడగాలి?

సర్పంచ్‌ను అడగండి, మర్యాద. తర్వాత మేకలు తోలే మనిషిని వెతకండి. పలమనేరు అవతల పూడ్చిన క్వారీ ఒకటి చూడటానికి పోయినప్పుడు గట్టు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గడ్డి బాగా వచ్చిందే, మేపుతున్నావా అన్నాను. ‘ఆ పక్కంతా మేపుతాను సార్. ఈ మూలకు మాత్రం రానియ్యను. ఆడ నీళ్లు మేకలు తాగవు, మూతి పెట్టి వచ్చేస్తాయి’ అన్నాడు. పోయి చూస్తే అరచేయంత మడుగు, మీద మిలమిల. పుల్లతో కదిపితే పగిలి మళ్లీ కలిసిపోయింది. రెండడుగులు తవ్వించేసరికి ఆయిల్ డ్రమ్ము అంచు తగిలింది, దాని కింద ఇంకొకటి. క్వారీ నడిచినన్నాళ్లూ అక్కడ బండ్ల షెడ్డు ఉండేదట. నా చేతిలో ఉన్న మ్యాపులో ఆ మూలకు ఆకుపచ్చ రంగు వేసి ‘పచ్చిక బయలు’ అని రాసి ఉంది.